వనపర్తిలో సుక్క తేన్పులు

సుక్క మా బర్రె. నొసట తెల్లమచ్చ ఉంటుంది. దాని తేన్పులో వచ్చే గాలిని కొలవాలని వనపర్తి అవతలి పాల ఫారంవాళ్లు వ్యానులో తీసుకుపోయి మూడు రోజులైంది. ఆ గాలి ఎండల్ని పెంచుతుందట. "ఎక్కువొస్తె నీ బర్రెను మల్ల ఇయ్యరేమో పెద్దమ్మా" అని పక్కింటి నర్సమ్మ అన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

పొద్దున ఆరింటికి మా ఊరు గట్టులో బస్సెక్కాను. గద్వాలకు పన్నెండు రూపాయలు. అక్కడ వనపర్తి బస్సు ఇదేనా అని ముగ్గురిని అడిగి ఎక్కి, కండక్టరును మళ్లీ అడిగాను.

"బోర్డు మీద రాసి ఉన్నది గద అవ్వా!"

"బోర్డు తప్పైతే ఎట్ల బిడ్డా?"

బీచుపల్లి వంతెన, పెబ్బేరు దాటి వనపర్తి చేరేసరికి పది దాటింది. ఇరవై ఆరు రూపాయలు. ఫారానికి ఆటోలో ఇంకో అయిదు.

సుక్క మెడలో డబ్బా, ముక్కు దగ్గరికి సన్నని గొట్టం! పరుగున పోయి దాని మెడ పట్టుకున్నాను. మేత పెట్టే లతీఫ్ చాయ తెచ్చిచ్చాడు.

"పరేషాన్ గాకు అవ్వా. తేన్పు గాలి గా డబ్బలకు పోతది, గంతే."

"తక్కువొస్తె మంచిదా?"

"తక్కువుంటెనే మంచిదంటరు."

తింటేనే కదా తేన్పులు! లతీఫ్ నమాజుకు వెళ్లగానే సుక్క ముందున్న చొప్పంతా తీసి పక్క బర్రె తొట్టిలో వేశాను. సుక్క నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

పెట్టిన మేతనూ, మిగిలిన మేతనూ తూస్తారని నాకేం తెలుసు? సాయంత్రం ఫారంలోని పశువుల డాక్టరమ్మ తూకం చూసి, "లతీఫ్, పక్కదానికి ఎనిమిది కిలోలు పెడితే పది మిగిలింది. ఇది తిన్నదా, కక్కిందా? నీకు తూకం రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటా" అంది.

"సరిగ్గనే తూచిన మేడం, అల్లా కసం."

చెబితే సుక్క పోతుందేమో. చెప్పకపోతే చాయ తెచ్చినవాడి పని పోతుంది.

"నేనే ఏసిన బిడ్డా. నా బర్రెను గుంజుకోకుండ్రి."

"నీ బర్రెను ఎవరు తీసుకుంటారు పెద్దమ్మా? ఏ మేతకు గాలి తగ్గుతుందో చూస్తున్నాం. ఇవాళ్టి డబ్బా మాత్రం దండగైంది. రేపు మళ్లీ కొలవాలి."

చివరి బస్సు వెళ్లిపోయింది. లతీఫ్ ఇంట్లో జొన్నరొట్టె తిని పడుకున్నాను. మర్నాడు చేతులు కట్టుకుని తొట్టి దగ్గర నిలబడితే, సుక్క కడుపారా తిని, నెమరేసి, నా ముఖం మీదే తేన్చింది.

"షాబాష్ సుక్కా!" అన్నాడు లతీఫ్.

తక్కువుంటేనే మంచిదన్నవాడు అంత పెద్ద తేన్పుకు షాబాష్ ఎందుకన్నాడో నాకు తెలియలేదు. నలభై ఏళ్లుగా బర్రెల తేన్పులు వింటున్నాను, ఒక్కదాన్నీ పట్టి డబ్బాలో పెట్టాలని తోచలేదు. కొలత ముగిశాక సుక్క మాత్రం నాతోపాటే వ్యానులో ఇల్లు చేరింది. మీరూ వెళ్తే, గద్వాలకు చివరి బస్సు ఎన్నింటికో వనపర్తిలో దిగగానే అడగండి. తొట్టిలో గడ్డిపరక మాత్రం ముట్టకండి.