నయమైపోయిన మోకాళ్ళు

మా దీవిలోని హాడో ఓడరేవులో సరుకు దింపించే ఉద్యోగం చేసి రిటైరయ్యాక నాకు మిగిలినవి బ్రూక్షాబాద్‌లో ఓ ఇల్లు, ఇంటికి ఎక్కి రావలసిన ఓ ఎత్తు దారి, ఆ దారి ఎక్కనివ్వని రెండు మోకాళ్ళు. నొప్పి సంగతి ఎవరితోనూ అనకూడదని ఈ వయసులో తెలిసింది. అంటే చాలు, ప్రతివాడూ ఓ నూనె పేరు చెబుతాడు.

పోయినేడు మా తెలుగు చర్చి సంఘం స్త్రీలు ఇంటికొచ్చి నా మోకాళ్ళ మీద చేతులుంచి ప్రార్థన చేశారు. ముందురోజే డాక్టరు మోకాళ్ళకు సూది వేశాడు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నాలుగు రోజులు హాయిగా నడిచాను. ఆదివారం ఆరాధనలో మా ఆవిడ లేచి, "మా ఆయన మోకాళ్ళని ప్రభువు ముట్టాడు, పూర్తిగా బాగైపోయాయి" అని సాక్ష్యం చెప్పేసింది. సంఘమంతా చప్పట్లు. మాలో ఒకసారి సాక్ష్యం చెప్పాక వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు.

నొప్పికి ఆ సంగతి తెలియదు కాబట్టి తిరిగొచ్చింది. ఈసారి చేతికర్ర లేనిదే గుమ్మం దాటలేను. కర్రతో చర్చికి వెళితే మా ఆవిడ అబద్ధాలకోరవుతుంది. అందుకని వెళ్ళడమే మానేశాను. ఓ వారం జలుబన్నాను, ఓ వారం వానన్నాను. ఈ దీవుల్లో వానకు కొదవ లేదు. కొన్నాళ్ళకు సాకు వెతికే ఓపిక కూడా పోయింది. గడ్డం గీసుకోబుద్ధయ్యేది కాదు. చేపల పులుసు పెట్టినా ముద్ద దిగేది కాదు. అసలెందుకు లేవాలి అనిపించేది పొద్దున్నే. సంఘంవాళ్ళు మాత్రం నేను విశ్వాసంలో చల్లారిపోయానని తేల్చేశారు.

మళ్ళీ సూది కోసం వెళితే డాక్టరు మోకాళ్ళు వదిలేసి నా ముఖం చూశాడు. "నీంద్ ఆతీ హై అంకుల్? మన్ లగ్‌తా హై?" అన్నాడు. నిద్రా లేదు, దేని మీదా మనసూ లేదని చెప్పాను. ఇదీ జబ్బే, మందుంది, మనుషుల్లోకి వెళ్ళండి అన్నాడు. బయట కూర్చున్న మా ఆవిడతో బీపీ బాగుందట అని చెప్పాను.

ఆ ఆదివారం కర్ర పట్టుకునే వెళ్ళాను. సాక్ష్యాల వేళ లేచాను. "నా మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. మనసూ బాగాలేదు. నాకోసం మళ్ళీ ప్రార్థన చెయ్యండి" అన్నాను. చప్పట్లు పడలేదు. ఆరాధన అయ్యాక, ఆమధ్య నడుము నొప్పి పోయిందని సాక్ష్యం చెప్పిన ఓ పెద్దాయన చెప్పుల దగ్గర నా చెవిలో, "నాకూ తగ్గనేదు భయ్యా. నిద్దర కూడా నేదు. ఎవళికీ చెప్పకు" అన్నాడు.

ఆటో ఎక్కాక మా ఆవిడ నా కర్ర అందుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"మనసు బాగోలేదని ముందు నాతో చెప్పొచ్చు కదండీ" అంది.

"నీతో చెబితే వచ్చే ఆదివారానికి నయమైపోతుందని భయమేసింది" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.