మూడు రోజులు ముందెళ్ళిన పెట్టె

ఇరాక్ ఎడారిలో రాకెట్లు పడే చోట పనిచేసినవాణ్ణి నేను. సైరన్ మోగితే కంచంలో అన్నం వదిలేసి కాంక్రీటు గుంటలోకి దూకినవాణ్ణి. అయినా నా గుండె నిజంగా ఆగినంత పనైంది మాత్రం శ్రీకాకుళంలో, ఆడిటరు గారి ఫ్యాను కింద, చేతిలో టీ గ్లాసుతో. ఆ ఘోరం చెబుతాను వినండి. తెలివితక్కువవాడు ఒక్కచోటే మునుగుతాడు, అతి తెలివిగలవాడు మూడు చోట్ల మునుగుతాడు. నేను రెండో రకం.

చమురు బావుల దగ్గర పైపులు అతికే వెల్డర్లకు నేను ఫోర్‌మన్‌ని. కాంట్రాక్టు ఉద్యోగం. ప్రాణానికి పూచీ లేని చోటు కాబట్టి జీతం మీద ప్రమాద భత్యం వేరే ఇస్తారు. ఆ భత్యంతో కోటబొమ్మాళిలో మా ఇంటి మీద మేడ వేద్దామని ఆశ. స్తంభాలు లేచాయి, శ్లాబు మిగిలింది.

సెప్టెంబరులో ఆర్నెల్ల సెలవు మీద ఊరికి రాగానే ఆడిటరు గారు ఫోన్లో హెచ్చరించారు.

"ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్క చూస్తారు. ఇండియాలో నూట ఎనభై ఒక్క రోజులు ఉండు, పరవాలేదు. ఇంకొక్క రోజు ఉన్నావో, నీ ఇరాక్ జీతం మొత్తం మీద ఇక్కడ పన్ను పడుతుంది. మార్చి పద్దెనిమిది దాటకు."

"అలాగే బాబూ, దాటను," అన్నాను. పద్దెనిమిది సోమవారానికి టిక్కెట్టు కూడా కొన్నాను. అంతా సవ్యంగానే ఉంది కదా? ఇరవయ్యో తారీకున మా బావమరిది పెళ్ళి కుదిరింది.

"తోడబుట్టినోడి పెళ్ళికి మొగుడు నేకుండా ఎల్లమంటావేటి?" అని మా ఆవిడ లక్ష్మి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పెళ్ళయ్యాక గురువారం ఎల్తాన్లే," అన్నాను.

ఈసారి మా అమ్మ గుండెలు బాదుకుంది. "ఇమానం ఎక్కడానికని గురువారం దచ్చినం దిక్కు పయనమేట్రా! వారశూల! అసలే బాంబులు పడే దేశం. సోమారం పెట్టె బయట పెట్టీ. పెట్టె ఎల్తే నువ్వు ఎల్లినట్టే."

తెలియనివారికి చెబుతున్నాను. మంచి రోజున మనిషికి కుదరకపోతే సామాను గడప దాటించి ఇంకొకరింట్లో పెడతారు. దాన్ని ప్రస్థానం అంటారు. ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. అమ్మ మాట వినగానే నా బుర్రలో దీపం వెలిగింది. పెట్టె వెళితే నేను వెళ్ళినట్టే అయినప్పుడు, ఆడిటరు గారి లెక్కా తీరిపోయినట్టే కదా! గ్రహాలనీ ప్రభుత్వాన్నీ ఒక్క పెట్టెతో జయించాననుకున్నాను.

సోమవారం ఉదయం కొబ్బరికాయ కొట్టి, పెట్టెను ఎదురింటి కిరాణా కొట్టు సుబ్బారావు గారి అరుగు మీదికి చేర్చాం. గడ్డం గీసుకునే సరంజామా అందులోనే ఉండిపోయింది. బయటపెట్టినదాన్ని వెనక్కి తేకూడదు కనక మూడు రోజులూ వాళ్ళ అరుగు మీదే గడ్డం గీసుకున్నాను.

"ఇరాక్‌లో ఎండలెలాగున్నాయి బావూ?" అని సుబ్బారావు గారు రోజూ పలకరించేవారు.

"బాగా కాస్తన్నాయండీ," అనేవాణ్ణి నేనూ గర్వంగా. పెళ్ళిలో రెండుసార్లు భోజనం చేసి, గురువారం విమానం ఎక్కాను.

మళ్ళీ జులైలో సెలవుకు వచ్చి ఆడిటరు గారి దగ్గర కూర్చున్నాను.

"ఏ తారీకున వెళ్ళావు?"

"పద్దెనిమిదిన బాబూ."

ఆయన పాస్‌పోర్టు తిరగేశారు. "స్టాంపు ఇరవై ఒకటిన ఉందేం?"

"అది నానెల్లింది. పద్దెనిమిదిన నా పెట్టెల్లింది."

"పెట్టా! ఎక్కడికి?"

"సుబ్బారావు గారింటికి. కావాలంటే ఆయన సంతకం పెడతారు బాబూ. ఊరంతా సాచ్చికం."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "సుబ్బారావు గారి అరుగు ఏ దేశంలో ఉందయ్యా?"

ఆ ప్రశ్న రాకెట్టు కన్నా గట్టిగా తగిలింది. నూట ఎనభై నాలుగు రోజులు. ఆయన క్యాలిక్యులేటరు నొక్కి నా వైపు తిప్పారు. రెండున్నర లక్షలు. టీ నా ప్యాంటు మీద ఒలికింది, కాలిన సంగతి ఇంటికి వెళ్ళాక తెలిసింది. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం వదలదంటారు. ఇరాక్ వెళ్ళినా ఇన్‌కమ్ టాక్స్ వదల్లేదు. గుంటలో వణుకుతూ సంపాదించిన భత్యం, నా శ్లాబు, అంతా పోయింది.

ఇంటికొచ్చి చెబితే లక్ష్మి గోడకు ఆనుకుని కూలబడింది. తర్వాత పెళ్ళినాటి చదివింపుల పుస్తకం గుర్తుచేసుకుని నిలదీసింది.

"సొంత బామ్మర్దికి ఐదొందల పదార్లు సదివించినావు. గవర్నమెంటోలికి రెండున్నర లచ్చలా! ఆలు మనకేటౌతారు?"

అందుకే శ్రీకూర్మం స్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రాహుకాలమైనా, వర్జ్యమైనా, వారశూల ఎదురొచ్చి పొడిచినా సరే, చెప్పిన తారీకున ముందు నేను విమానం ఎక్కుతాను. పెట్టె తీరిగ్గా మంచిరోజు చూసుకుని వెనకాల రావచ్చు.