తెరిచి ఇవ్వాలి, చూసి తీసుకోవాలి

1991 నవంబరులో నేను ఒమన్ దేశంలోని రుస్తాఖ్ పట్టణానికి బయట ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో ఆర్మరర్‌గా చేరాను. తుపాకులను విప్పి, శుభ్రం చేసి, బాగుచేసి, అవి పేల్చడానికి తగిన స్థితిలో ఉన్నాయని సంతకం పెట్టేవాడిని ఆర్మరర్ అంటారు. అంతకుముందు పద్దెనిమిదేళ్లు మన సైన్యంలో అదే పని చేసి హవల్దారుగా రిటైరయ్యాను. కడప జిల్లాలో పెన్షన్ తీసుకుంటూ కాలు మీద కాలేసుకుని కూర్చుందామనుకున్నాను. తెలిసినవాళ్ల ద్వారా వీసా వచ్చేసరికి ఆ ఆలోచన పక్కన పెట్టి విమానమెక్కాను.

క్లబ్బంటే పెద్ద భవనమేమీ ఊహించుకోకండి. ఎండిపోయిన వాగు పక్కన ఒక రేకుల షెడ్డు, అందులో చాపలు, దిండ్లు, తుపాకులు పెట్టుకోవడానికి పొడవాటి బల్ల ఒకటి. ఎదురుగా టార్గెట్లు, వాటి వెనక తూటాలను ఆపడానికి దేవుడిచ్చిన కొండ. కార్యదర్శి నాసిర్ అక్కడి సైన్యంలో వకీల్‌గా చేసి దిగినవాడు. ఆ హోదా మన సుబేదారు లాంటిది. "వకీల్ గారు నన్ను బాగా చూసుకుంటున్నారు" అని నేను ఉత్తరం రాస్తే, మీ మీద ఏం కేసు పడిందండీ అని మా ఆవిడ కంగారుపడి జవాబు రాసింది.

ఆర్మరర్ పనితో పాటు నాకు ఇంకో బాధ్యత కూడా అప్పగించారు. కొత్తగా తుపాకీ చేతికొచ్చినవాళ్లను క్లబ్బులోకి ఆహ్వానించి, జాగ్రత్తలు నేర్పడం. ఆ ప్రాంతంలో ఇంట్లో రైఫిల్ ఉండటం వింత కాదు. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, గోడకు వేలాడుతుంది. పెళ్లిళ్లలో మగవాళ్లు దాన్ని పట్టుకుని వరస కట్టి ఆడుతారు. కానీ వారసత్వంగా తుపాకీ వచ్చినంత మాత్రాన తుపాకీ బుద్ధి కూడా వస్తుందని ఎక్కడా లేదు. అందుకని నాసిర్ ఒక పద్ధతి పెట్టాడు. కొత్త సభ్యుడు ఐదు గురువారాలు రావాలి. అప్పట్లో అక్కడ వారాంతం గురు, శుక్రవారాలు. గురువారానికొక పాఠం, పాఠానికొక సంతకం. ఐదోది, సొంత తుపాకీని పద్ధతిగా చేతిలోకి తీసుకోవడం. ఐదు సంతకాలూ పడితేనే కార్డు పూర్తయినట్టు.

మొదట్లో నేను ఘోరంగా విఫలమయ్యాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే, అదీ రంగరూట్లకు, అంటే కొత్తగా చేరిన జవాన్లకు, చెప్పే విద్య. వచ్చినవాళ్లను వరసలో నిలబెట్టి, "జాంచ్ శస్త్ర్" అని గొంతు చించుకునేవాణ్ణి. తుపాకీ తెరిచి తనిఖీకి చూపించమని మన సైన్యంలో ఇచ్చే ఆజ్ఞ అది. అర్థం కానివాళ్లు అర్థం కానట్టే చూసేవాళ్లు. అర్థమైనవాళ్లు మొహం ముడుచుకునేవాళ్లు. మొదటి గురువారం వచ్చినవాళ్లలో చాలామంది రెండో గురువారం కనబడేవాళ్లు కాదు. జనం రాకపోతే ఈ ఆర్మరర్ ఎందుకని కమిటీలో ఎవరో అన్నారట. నాసిర్ ఆ మాటను నవ్వుతూనే నా చెవిన వేశాడు.

నాకు దారి చూపించింది గంగరాజం. అతనిది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మా క్లబ్బుకు గోడ కట్టిన కంపెనీలో పనికి వచ్చి, గోడ పూర్తయ్యాక అక్కడే మార్కర్‌గా ఉండిపోయాడు. టార్గెట్ల కింద ఉండే కందకంలో కూర్చుని, దెబ్బ ఎక్కడ తగిలిందో పొడవాటి కర్రతో చూపించేవాడు మార్కర్. మేమిద్దరం ఒకే రూములో ఉండేవాళ్లం. ఒకరోజు రొట్టెలు కాలుస్తూ మెల్లగా అన్నాడు.

"గట్ల ఒర్రితె ఎవలత్తరు సాబ్? ఆల్లు సుట్టాల లెక్క అచ్చిండ్రు. నువ్వేమొ జవాన్ల లెక్క నిలవెడ్తున్నవ్."

"ఏందప్పా, నా పని నాకే నేర్పిస్తాండావా?" అన్నాను. హవల్దారు హోదా వదిలి పదినెలలైనా పొగరు వదల్లేదు.

అతను నా మాట పట్టించుకోకుండా తన కథ చెప్పాడు. ఒమన్‌లో కాలు పెట్టిన వారంలోనే ఒక షేక్ ఇంట్లో కాఫీకి కూర్చోబెట్టారట. అక్కడ కహ్వా అనే ఆ కాఫీని పిడికిట్లో ఇమిడే చిన్న కప్పులో పోస్తారు. దాన్ని ఫింజాన్ అంటారు. తాగినవాడు చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపి తిరిగి ఇవ్వాలి. ఊపకుండా ఇస్తే ఇంకా కావాలని లెక్క. గంగరాజానికి ఆ సంగతి తెలియదు. చేతులతో, తలతో వద్దని ఎంత చెప్పినా పోసేవాడు పోస్తూనే ఉన్నాడు. తొమ్మిది కప్పులయ్యాక పక్కాయన జాలిపడి చెయ్యి పట్టుకుని ఊపించాడట.

"నోటితోని ఎంత జెప్పినా ఆల్లు ఇనరు సాబ్. కప్పు ఊపితేనే ముచ్చట ఒడుస్తది," అన్నాడు.

ఆ మాట నా బుర్రలో నాటుకుంది. తుపాకీ విషయంలో నేను గొంతు చించుకుని చెప్పేదీ అదే కదా. ఖాళీగా ఉందని నోటితో చెబితే చాలదు, బోల్ట్ తెరిచి చూపించాలి. బోల్ట్ అంటే వెనక్కి లాగితే తూటా కూర్చునే గది తెరుచుకునే గడియ లాంటిది. ఆ గదిని చాంబర్ అంటాం. ఈ జనానికి ఆ మర్యాద కాఫీ దగ్గర పుట్టుకతో తెలుసు. నేనే దాన్ని ఆజ్ఞగా మార్చి చెడగొడుతున్నాను.

మరుసటి గురువారం నుంచి వరసలు, కేకలు మానేశాను. వచ్చినవాళ్లను చాప మీద కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, కహ్వా పోసి, ఫింజాన్ ఊపించి, ఆ తరువాతే తుపాకీ పట్టించేవాణ్ణి. ఇచ్చేవాడు బోల్ట్ తెరిచి ఇవ్వాలి, తీసుకునేవాడు చిటికెన వేలితో చాంబర్ తడిమి "చూశాను" అని తీసుకోవాలి. బల్ల మీద తుపాకీ ఎప్పుడూ బోల్ట్ తెరిచే ఉండాలి. ఎవరైనా మూసిపెడితే, వాళ్లు ఎంతటివారైనా సరే, ఆ రోజు మధ్యాహ్నం మసీదులో నమాజుకు పిలిచే బాంగు దాకా అందరికీ కాఫీ పోయాలి. ఈ శిక్ష జనానికి తెగ నచ్చింది. ఎవరు దొరుకుతారా అని కళ్లలో వత్తులు వేసుకుని చూసేవాళ్లు. రెండో గురువారాలు నిండాయి. కమిటీ నోరు మూతపడింది.

మూడో ఏడాది చలికాలంలో ఖల్ఫాన్ వచ్చాడు. బడి బస్సు నడిపేవాడు. మనిషి తలుపంత ఉండేవాడు, మనసు మాత్రం వెన్న. తుపాకీ పేలకముందే కళ్లు గట్టిగా మూసుకునేవాడు. దీన్ని మా పనిలో ఫ్లించ్ అంటారు, అంటే ముందే ఉలికిపడటం. దీనికి మందు, తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన. గొట్టం చివర ఖర్జూరం గింజను పెట్టి, అది కింద పడకుండా నొక్కమన్నాను. గింజల కోసం ఖల్ఫాన్ అరపళ్లెం ఖర్జూరాలు ఖాళీ చేశాడు. నాలుగో గురువారానికి గింజ కదల్లేదు. నాలుగో సంతకం పెట్టాను.

మిగిలింది ఐదోది. చిక్కంతా అక్కడే ఉంది. ఖల్ఫాన్ తండ్రి చనిపోయాక ఆయన త్రీనాట్‌త్రీ రైఫిల్ పెదనాన్న సైఫ్ దగ్గర ఉండిపోయింది. సైఫ్‌కూ ఒక కొడుకున్నాడు, అతనికీ దాని మీద కన్నుంది. బస్సు నడిపేవాడికి రైఫిల్ ఎందుకని బంధువులు గొణిగారు. క్లబ్బు కార్డు పూర్తి చేస్తే నీకు, లేకపోతే నా కొడుక్కి అని సైఫ్ తేల్చేశాడు. వారం తిరిగితే ఖల్ఫాన్ చెల్లెలి పెళ్లి. పోయిన తండ్రి చోట, ఆ రైఫిల్ పట్టుకుని మగవాళ్ల వరసలో నిలబడాలని అతని కోరిక. ఈ సంగతి చెప్పేటప్పుడు అతను నా మొహంలోకి చూడలేదు, తన చెప్పుల్ని చూసుకుంటూ చెప్పాడు.

ఐదో గురువారం ఉదయం పది గంటలకు సైఫ్ పికప్పు బండిలో స్వయంగా వచ్చాడు. ఆయన చాలా పెద్దవాడు. నడుముకు ఖంజర్ అనే వంపు కత్తి, ఛాతీకి తూటాల పట్టీ, చేతిలో తెల్లగుడ్డలో చుట్టిన రైఫిల్. ఆయన వస్తాడని ఎవరికీ ముందుగా తెలియదు. నాసిర్‌తో సహా అందరం లేచి నిలబడ్డాం. క్లబ్బు పాయింట్ టూటూ రైఫిల్‌ను తుడుస్తున్నవాణ్ణి నేనూ దాన్ని బల్ల మీద పెట్టి గబగబా ఎదురెళ్లాను. ఆ రోజు కాఫీ పోసే వంతు గంగరాజానిది. మర్యాదలన్నీ అయ్యాయి. సైఫ్ మూడు కప్పులు తాగి ఫింజాన్ ఊపాడు. తరువాత గుడ్డ విప్పి, రైఫిల్‌ను రెండు చేతుల మీదా ఉంచి తమ్ముడి కొడుకు వైపు చాపాడు.

బోల్ట్ మూసి ఉంది. మ్యాగజీన్, అంటే తూటాల పెట్టె, తగిలించే ఉంది.

అప్పటికే నా చేతిలో కార్డు, కలం ఉన్నాయి. నిజం ఒప్పుకోవాలి. అంత పెద్దాయన్ని తెరిచి చూపించమని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే ఆయన అలిగి రైఫిల్ తీసుకుని వెళ్లిపోతాడు, ఖల్ఫాన్ బతుకు నవ్వులపాలవుతుంది. ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పోదామనుకున్నాను. తీసుకో అన్నట్టు తల కూడా ఊపాను.

ఖల్ఫాన్ చేతులు చాపలేదు. అవి అతని మోకాళ్ల మీదే ఉన్నాయి. బోల్ట్ తెరవమని పెదనాన్నను అడిగాడు. సైఫ్ మొహం ఎర్రబడింది. జనం మధ్యకి నిండు తుపాకీ తెస్తాననుకున్నావా, నీ తండ్రికి తుపాకీ పట్టడం నేర్పింది నేను అన్నాడు. రైఫిల్ మెల్లగా వెనక్కి, ఆయన ఒడి వైపు పోయింది. నాసిర్ నా వైపు చూశాడు. నేను కార్డు వైపు చూశాను.

ఖల్ఫాన్ గొంతు పెంచలేదు. "పెదనాన్నా, ఇందాక మీరు చాలని నోటితో చెప్పినా, ఫింజాన్ ఊపేదాకా ఈ గంగరాజం పోస్తూనే ఉండేవాడు. అది మీ మాట నమ్మక కాదు కదా. తుపాకీ ఖాళీ అని నేనూ నమ్ముతున్నాను. తెరిచేదాకా మాత్రం తీసుకోను," అన్నాడు.

సైఫ్ మ్యాగజీన్ తీసి పక్కన పెట్టాడు. బోల్ట్ వెనక్కి లాగి చూపించాడు. చాంబర్ ఖాళీ. ఖల్ఫాన్ చిటికెన వేలితో తడిమి, "చూశాను" అని, తండ్రి రైఫిల్‌ను రెండు చేతులతో అందుకున్నాడు. ఆ మనిషికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, కాకపోతే నావి సగం సిగ్గుతో.

అంతటితో అయిపోయిందనుకున్నాను. సైఫ్ లేచి నేరుగా బల్ల దగ్గరికి నడిచాడు. అక్కడ నేను తుడుస్తూ పెట్టి వెళ్లిన పాయింట్ టూటూ పడి ఉంది. బోల్ట్ మూసి.

"ఇది ఎవరిది?" అని అడిగాడు.

అందరూ నా వైపే చూశారు. వెళ్లి బోల్ట్ తెరిచాను. అదీ ఖాళీయే. అయితే ఖాళీగా ఉందన్నది సమాధానం కాదని నేనే వాళ్లకు రెండేళ్లుగా చెబుతున్నాను. గంగరాజం కహ్వా కూజా తెచ్చి నా చేతిలో పెట్టి, దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

సైఫ్ కూడా కూర్చుని ఫింజాన్ చాపాడు. పోశాను. తాగి, ఊపకుండా చాపాడు. మళ్లీ పోశాను. ఊపకుండానే చాపాడు. అయిదో కప్పు దగ్గర నాసిర్ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాడు. తొమ్మిదో కప్పు దగ్గర, "ఊపమను సాబ్, ముసలాయన గుండె దడదడ కొట్టుకుంటది," అని గంగరాజం తెలుగులో గొణిగాడు. బాంగు వినబడ్డాకే పెద్దాయన ఫింజాన్ ఊపి నా చేతికిచ్చాడు. కార్డు తెమ్మని, తను చూస్తుండగా నాతో ఐదో సంతకం పెట్టించాడు. పొగచూరిన కూజాలా మొహం పెట్టుకోకు, కాఫీ బాగుంది అని నా వీపు తట్టి వెళ్లాడు.

ఖల్ఫాన్ చెల్లెలి పెళ్లికి మేమిద్దరం వెళ్లాం. అతను వరసలో తండ్రి చోట నిలబడ్డాడు. ఆట మొదలవబోయే ముందు, పక్కనున్న పెదనాన్న కొడుక్కి తన రైఫిల్ బోల్ట్ తెరిచి చూపించాడు. అతను చూసి, తనదీ తెరిచి చూపించాడు.

ఆ తరువాతి గురువారం నుంచి మొదటి పాఠం మార్చాను. కొత్తగా వచ్చినవాడు కాఫీ తాగాక చేసే మొదటి పని, బల్ల మీదున్న నా రైఫిల్‌ను తనిఖీ చేయడం. నేను 1998లో ఇంటికి తిరిగొచ్చేదాకా అదే పద్ధతి నడిచింది. తుపాకీతో ఎక్కువకాలం గడిపినవాడే ఎక్కువ ఏమరుపాటుగా ఉంటాడు, అతన్ని అడగడానికే అందరూ ఎక్కువ మొహమాటపడతారు. కనుక తనిఖీ అన్నది నేర్పేవాడి దగ్గర మొదలవ్వాలి. ఆ తరువాత నా రైఫిల్ బోల్ట్ మూసి దొరికింది ఇంకొక్కసారి. ఆ రోజూ బాంగు దాకా కాఫీ పోశాను.