నాకు వచ్చిన పక్షం

ఊరికి వెళ్లే బస్సులో మా సీట్లు బాపు వదిలేశాడని అమ్మ చెప్పినప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. చాట చేతిలో అలాగే ఉండిపోయింది.

అది మొదటి లాక్‌డౌన్. సూరత్‌లోని పాండేసరలో బాపు నడిపే సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయాయి. మా బిల్డింగ్‌లోని తెలుగువాళ్లంతా కలిసి కరీంనగర్‌కు బస్సు మాట్లాడుకున్నారు. వెళ్లాలని అందరికంటే నాకే ఎక్కువగా ఉండేది. ఇక్కడ ఒకే గదిలో పగలంతా ముగ్గురం. డైరీ రాసుకోవాలన్నా గోడవైపు తిరిగి కూర్చోవాలి. ఊళ్లో మేనత్త ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందట. తలుపు వేసుకుని చదువుకోవచ్చు.

"ఎందుకు వదిలేశాడు?" అన్నాను.

"నన్నడుగుతవేంది? నువ్వే గద ఫోన్ల గంతసేపు చెప్పినవ్, పోవద్దని!"

అది ఫోన్ మాట కాదు, నా హోంవర్కు. ఆ వారం ఆన్‌లైన్ క్లాసులో హిందీ టీచరు వాదిస్తూ వ్యాసం రాయడం నేర్పారు. ముందు నీ మాటేమిటో ఒక్క వాక్యంలో తేల్చమన్నారు. తర్వాత కారణాలు, ఒక్కోదానికి కళ్లముందు కనిపించే ఉదాహరణ. అవతలివాళ్ల మాటల్లో అన్నిటికంటే గట్టిదాన్ని దాచకుండా చెప్పి, దానికి జవాబివ్వాలి. కూలీలు ఊళ్లకు వెళ్లాలా వద్దా అన్నది విషయం. పక్షాలు ఆవిడే పంచారు. నాకు ‘వద్దు’ వచ్చింది. అందరి ముందు మాట్లాడలేక, రాసింది చదివి రికార్డు చేసి పంపాను. పక్కనే పడుకున్న బాపు నిద్రపోయాడనుకున్నాను.

దారిలో ఎవరికైనా జబ్బు చేస్తే ఎక్కడ దింపుతారని రాశాను. సాంచాలు మళ్లీ మొదలైతే, ఊళ్లో కూర్చున్నవాడి కోసం సేఠ్ ఆగుతాడా అని రాశాను. ఊళ్లో మనవాళ్లున్నారు కదా అంటారు, నిజమే. ఆ మనవాళ్లే మనల్ని చూసి భయంతో తలుపు వేసుకుంటే? ఏదీ నమ్మి రాయలేదు. బాగా కుదిరిందని సంబరపడ్డాను, అంతే.

బాపు లోపలికి రాగానే చెప్పేశాను. "అది క్లాసు కోసం బాపూ. టీచరే అట్ల రాయమన్నది. నాకు పోవాలనే ఉంది."

బాపు నా ముఖం వంక చూశాడు. "మరి గవన్ని అబద్ధాలా?"

"అబద్ధాలు గావు..."

"నిజాలేనా?"

తల వంచి బియ్యంలో రాళ్లు వెతికాను.

"మనసుల లేని మాట గంత గట్టిగ ఎట్ల చెప్తరే? బడిల గిది గూడ నేర్పుతరా?" బాపు నవ్వడం లేదు. కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"జర ఫోన్ చేసి అడుగున్రి, సీట్లు ఇంక ఉన్నయేమో," అంది అమ్మ.

చేశాడు. సీట్లు అప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశారట.

సాయంత్రం మెట్ల మీద పక్కగది ఆయన గొంతు వినిపించింది. "ఏందన్నా, మీరు వస్తలేరట? సూరత్ అల్లునివై పోయినవా?"

"తొవ్వల ఎవలకన్న బీమారైతే ఏడ దింపుతర్రా?" అన్నాడు బాపు. తర్వాత సేఠ్ సంగతి. తర్వాత మూసుకునే తలుపుల సంగతి. నేను రాసిన వరుసలోనే, నాకంటే బాగా. ఇదంతా బిడ్డ బడిపాఠమని ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని ఎదురుచూశాను. అనలేదు.

"గదైతే నిజమే అన్నా," అన్నాడు ఆయన. తన గదివైపు తిరిగి భార్యను కేకేశాడు. "ఓ పిల్లా, మూటలు కట్టుడు ఆపు జర!"

లేచి తలుపు దాకా వెళ్లాను. గడియ మీద చెయ్యి వేశాను. తీయలేకపోయాను.