లాభం, రెండు, మూడు

మా ఆయనకు రైలంటే భయం పట్టుకున్నది మా పెళ్ళైన ఐదో ఏట. యుద్ధం ఇంకా రాలేదు. తిరువళ్ళూరు బజారులో మాకు మళిగ అంగడి ఉండేది. బియ్యం, పప్పులు, బెల్లం, చింతపండు అమ్మేవాళ్ళం. పదిహేను దినాలకు ఒకసారి రైల్లో పట్నం పోయి, కొత్తవాల్ చావడి బజారులో సరుకు చూసి, బేరమాడి పట్టుకొని రావాల. ఆ పని ఆయనదే. మీసం రాకముందు నుంచీ పోతా ఉన్నవాడే. ఒక దినం అట్లే పోతా ఉంటే, ఆవడి దాటినాక కారణమేమీ లేకుండా గుండె దడదడ కొట్టుకున్నదంట. చేతులు చల్లబడి, ఊపిరి లోపలికి పోక, ఇంక ఇక్కడే నా పని అయిపోయిందనుకున్నాడంట. అంబత్తూరులో దిగేసినాడు. మళ్ళా రైలు దిక్కు చూడకుండా కొంత దూరం నడిచి, కొంత దూరం ఎద్దులబండి ఎక్కి, సాయంత్రానికి ఇల్లు చేరినాడు. పంచె మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.

ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. బావా అనే పిలిచేదాన్ని.

"సరుకేది బావా?" అని అడిగినాను.

"సరుకు రాలేదు. నేనొచ్చినానే, అది చాలదా?" అన్నాడు.

మనిషి ముఖం చూడకుండా సరుకు అడిగినానే అని నాకు ఇప్పటికీ సిగ్గే.

ఆ తర్వాత రెండు సార్లు స్టేషనుకు పోయి, రైలు వచ్చి పోయేదాకా నిలబడి తిరిగొచ్చినాడు. సరుకు ఊళ్ళోనే ఎక్కువ ధరకు కొని నెట్టుకొచ్చినాము. రానురాను అది రైలుతో ఆగలేదు. మంగలి ముందర కూర్చున్నా వచ్చేది, గుడిలో జనం తోసుకున్నా వచ్చేది. మా పక్క దాన్ని పడపడప్పు అంటారు. పేరు చిన్నదే గాని, వచ్చినప్పుడు ఆ మనిషిని చూస్తే రాయి కూడా కరుగుతుంది.

అంగడి ఉమ్మడిది. మా పెద్దబావ, అంటే ఆయన అన్న, తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగైలో ఉండి సేద్యం చూసుకునేవాడు. విషయం తెలిసి బండి కట్టుకొని వచ్చినాడు. చెడ్డవాడు కాదు, మాట మాత్రం గొడ్డలే.

"గద్దె మీద కూర్చుంటే పట్నం నుంచి బియ్యం నడిచొస్తుందా? ఆడి నెల కృత్తిక పండగ దాకా చూస్తాను. అప్పటికీ పోలేకపోతే తాళంచెవి నాకిచ్చేసి ఇద్దరూ ఊరికొచ్చి మడి చూసుకోండి. ఇక్కడ నా బామ్మర్దిని పెడతాను."

ఏ ఇంటికి ఎట్లాంటి బియ్యం కావాలో, ఏ ముసలామెకు పళ్ళు లేవో, ఎవరింట్లో బాలింత ఉందో, అన్నీ మా ఆయన నోట్లో ఉండేవి. అంగడి తీసేస్తే ఆయన మడిగట్టు మీద ఊరికే కూర్చునే మనిషైపోతాడని నాకు తెలుసు.

మొదట ఇంగ్లీషు డాక్టరు దగ్గరికి తీసుకపోయినాము. రొమ్ముకు గొట్టం పెట్టి విని, గుండె గట్టిగా ఉందయ్యా, నరాల అలసట, అని సీసాలో మందు పోసిచ్చినాడు. అది తాగితే దడ తగ్గేది, నిద్ర వచ్చేది.

మా అత్తకు ఇది చాలలేదు. రోజూ సందెవేళ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. నేను తొడిమలు ఊడినవీ, పుచ్చినవీ ఏరి ఇచ్చేదాన్ని. "నా కొడుకు దిష్టికి పుచ్చు మిరపకాయలా?" అనేది. "కాలేదానికి ఏదైతే ఏమత్తా" అనేదాన్ని. అమావాస్యనాడు వీరరాఘవస్వామి గుడికి ఉప్పూ మిరియాలూ తీసుకపోయి చల్లడం మా ఊరి వాడుక, రోగాలు పోతాయని. నేను పొట్లం కట్టిస్తే విప్పి చూసి, "దేవుడికి చిటికెడు ఉప్పు ఇచ్చే కోడల్ని నేనే తెచ్చుకున్నాను, ఎవరినంటాను" అని ఇంకో పిడికెడు వేసుకొని పోయింది. సాయంత్రం నమాజు అయినాక మసీదు వాకిట నిలబడితే ఒక పెద్దాయన నీళ్ళ మీద ఊది ఇచ్చేవాడు. అక్కడికి మాత్రం మా ఆయన ఇష్టంగా పోయేవాడు. "ఏమీ అడగడే ఆయన. ఊరికే భుజం మీద చెయ్యి పెడతాడు" అనేవాడు.

ఆ తర్వాత పెరియపాళయం దోవలో ఉండే సిద్ధవైద్యుడు. నాడి పట్టి చూసి లేహ్యం ఇచ్చి, వారానికి రెండుసార్లు నువ్వులనూనెతో తలంటమన్నాడు. "వేరే మందేమైనా తింటా ఉన్నాడా?" అని అడిగితే లేదన్నాను. ఉందంటే సీసాలో సగం మందు పారబొయ్యమంటాడని నా భయం. రెండూ ఇచ్చినాను. మూడో దినం ఆయన గద్దె మీదే నిద్రపోతా కందిపప్పును బెల్లం డబ్బాలో పోసినాడు. పొద్దున్నే తాగొచ్చినాడని బజారంతా అనుకున్నారు. వైద్యుడికి తెలిసి నన్ను నిలబెట్టి అడిగినాడు.

"ఆ మందు దాచి నా మందు పోస్తావా తల్లీ? నేను తెలియక చేసేది వేరు, నువ్వు తెలిసి చేసేది వేరు. పో, డాక్టరునే అడిగిరా, ఏది ఆపాలో."

తల వంచుకొని పోయి డాక్టరుకు చెప్పినాను. ఆయన నవ్వి, సీసా మందు ఎట్లా కొంచెం కొంచెంగా తగ్గించాలో చెప్పి, అది పూర్తిగా ఆపేదాకా లేహ్యం ముట్టవద్దన్నాడు. తలంటు మంచిదే, నడక ఇంకా మంచిదన్నాడు. అప్పటినుంచి ఇద్దరిలో ఒకరి మందు సంగతి ఇంకొకరికి చెప్పకుండా ఆయనకు ఏదీ ఇవ్వలేదు. నా లోభం వల్ల మనిషికి ఏమైనా అయ్యుంటే ఆ సగం సీసాను నేనేం చేసుకుందును?

తలంటు మాత్రం విడవలేదు. నూనె గోరువెచ్చగా కాచి మాడు మీద పెట్టి రుద్దేదాన్ని. ఆ అరగంట కళ్ళు మూసుకొని మాట్లాడేవాడు. ఇంకెప్పుడూ అంత మాట్లాడింది లేదు. ఒకనాడు అన్నాడు, "చచ్చిపోతానని కాదే నా భయం. అంతమంది ముందర, ముక్కూ ముఖం తెలియనివాళ్ళ కాళ్ళ కాడ పడతానేమోనని." నేను ఇంకో చెంచా నూనె వేసినాను. పొదుపు చూడలేదు ఆ దినం.

వైద్యుడు ఊపిరి లెక్క కూడా నేర్పించినాడు. నాలుగు లెక్క పెట్టి పీల్చు, ఎనిమిది లెక్క పెట్టి వదులు, అని. అది మా ఆయనకు కుదరలేదు. "నాకు మిగిలిన ఊపిర్లు నేనే లెక్క చూసుకుంటా ఉన్నట్టుంది" అని వదిలేసినాడు.

ఇట్లా ఉండగా ఒక పెళ్ళివాళ్ళు బియ్యానికి వచ్చినారు. ఆ పొద్దున ఆయనకు బాగా లేదు. పెదవులు తెల్లబడి స్తంభం పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఈ పొద్దు వద్దని వాళ్ళను పంపించేద్దామని నేను లోపలినుంచి వచ్చేలోగా, మూట విప్పి శేరు చేతికి తీసుకున్నాడు. కొలిచేటప్పుడు మొదటి శేరును ఒకటి అనరు కదా, లాభం అంటారు. "లా...భం" అని రాగం ఎత్తుకొని, గింజలన్నీ సంచిలోకి జారేదాకా లాగినాడు. మళ్ళా శేరు ముంచి "రెం...డు." ఇరవై దాటేసరికి పెదవుల్లోకి రంగు వచ్చింది. మూట అయ్యేసరికి పెళ్ళికొడుకు తండ్రితో ఎగతాళి మాటలాడతా ఉన్నాడు. నేను వాకిట నిలబడి చూస్తానే ఉండిపోయినాను. ఇన్ని నెలల్లో శేరు చేతిలో ఉండగా ఒక్కనాడూ ఆయనకు పడపడప్పు రాలేదు. ఈ సంగతి ఎవరూ కనిపెట్టలేదు, పక్కనే ఉండే నేను కూడా.

కృత్తిక ఇంకా నెలన్నర ఉందనగా మా అత్త మొక్కు తీర్చాలని తిరుత్తణి బయలుదేరదీసింది. బండిలో పోయి ముందునాడు పెద్దబావ ఇంట్లో దిగి, పొద్దున్నే కొండ మొదలుపెట్టినాము. ఆ కొండకు ఏడాదికి ఎన్ని దినాలో అన్ని మెట్లు. ముప్పావు వంతు ఇంకా మిగిలుండగానే ఆయన కూలబడినాడు. రొమ్ము పట్టుకొని, "మీరు పోండి. నేను దిగిపోతాను" అన్నాడు. మా అత్త విభూతి తీసి నుదుట పెట్టి ఏడుపు అందుకుంది.

"బావా, లే. కొలువు" అన్నాను.

"ఏంది కొలిచేది?"

"మెట్లు. మెట్టుకొక శేరు."

పిచ్చిదాన్ని చూసినట్టు చూసినాడు. నేనే మొదలుపెట్టినాను, "లాభం" అని. నా గొంతు కాకిది, రాగం నిలవదు. రెండో మెట్టుకే ఆయనకు ఓర్పు పోయింది.

"అట్లా కాదే. గింజ రాలేదాకా లాగాల. అట్లా కొలిస్తే గిరాకీ పారిపోతాడు" అని లేచి, "లా...భం" అని ఎత్తుకున్నాడు.

ఒక్కొక్క మెట్టుకూ ఒక్కొక్క లెక్క. మా అత్త ఏడుపు ఆపి వెనకాలే గొంతు కలిపింది. దిగి వస్తా ఉండిన ఒకాయన నిలబడి, "ఏమి శెట్టీ, కొండను కొలిచి అమ్మేస్తా ఉండావా?" అన్నాడు. మా ఆయన రాగం తప్పకుండా "నూట పద్దెని...మిది" అని ముగించి, "కొనేదానికి సంచి తెచ్చినావా అన్నా?" అన్నాడు. పైకి చేరినాక చెమట తుడుచుకొని, "దడ పోలేదే, ఉంది. అది దాని పని చూసుకుంటా ఉంది, నేను నా పని చూసుకుంటా ఉండాను" అన్నాడు.

తిరిగొచ్చినాక నేనొక మాట చెప్పినాను. రైలెక్కి పట్నం పోవద్దు, పక్క స్టేషను సెవ్వాపేటలో దిగుదాం. వచ్చేటప్పుడు నడిచొద్దాం, డాక్టరు నడవమన్నాడు కదా, తిరుగు టికెట్టూ మిగులుతుంది. మా అత్త తమలపాకు నములుతా ఆగిపోయింది.

"పని లేని ఊరికి టికెట్టు కొంటావా? ఈ మాట చెప్పేది నువ్వేనా అమ్మీ?"

"నేనే" అన్నాను.

మొదటి దినం నేనూ పోయినాను. రైలు పెట్టెలో మూల కూర్చొని ఆయన పెదవులతోనే లాభం అనుకుంటా ఉన్నాడు. ఎదురుగా ఉన్న ముసలాయన జపం అనుకొని దండం పెట్టినాడు. దిగినాక ఇద్దరమూ నవ్వుకుంటా చేలగట్ల మీద ఇంటిదాకా నడిచినాము. అట్లా ఎన్నిసార్లు పోయినామో. ఆ తర్వాత తిన్ననూరు, ఆ తర్వాత ఆవడి. ఆవడి దాటి పోదామనుకున్ననాడు ఒకసారి అక్కడే ఓడిపోయినాము. దిగేద్దామని నా మణికట్టు పట్టుకుంటే గాజు పగిలింది. దిగేసినాము. "గాజు పోయిందే" అని బాధపడినాడు. "మట్టి గాజే" అన్నాను. నా నోట ఆ మాట రావడం ఆయనకు ఎంత వింతో, మా అత్తకు చెప్పి నవ్వినాడు.

ఆ భయం పూర్తిగా పోయిందని నేను రాయను. ముసలితనంలో కూడా వచ్చిపోయేది. లేహ్యం, తలంటు, మసీదు నీళ్ళు, శేరు లెక్క, వీటిలో ఏది ఎంత పని చేసిందో నాకు తెలియదు. ఎవరైనా అడిగితే డాక్టరుకు చూపించినాకే తక్కినవన్నీ అని చెప్తాను.

కృత్తిక మూడు దినాలు ఉందనగా పెద్దబావ వచ్చినాడు. గద్దె మీద మా అత్త ఉంది.

"తమ్ముడు యాడ?"

"పట్నం పోయినాడు" అన్నాను.

"ఎవరితో?"

"ఒక్కడే."

నమ్మలేదు. గద్దె పక్కన కూర్చున్నాడు, వచ్చేదాకా కదలనని. మా ఆయన మధ్యాన్నం రైలుకు రాలేదు. పెద్దబావ మెడ సాచి వీధి చివరిదాకా చూసినాడు. నేను లోపల పిండి కలుపుతా ఉంటే చేతులు చల్లబడినాయి. ఆవడిలో దిగేసి ఏ చెట్టు కింద కూర్చున్నాడో అని. ఇన్నాళ్ళూ ఆయన పడింది ఇదే గదా అని అప్పుడు తెలిసింది నాకు.

పొద్దు వాలినాక వచ్చినాడు. వెనకాల కూలీ నెత్తిన మూట. చొక్కా వీపుకు అతుక్కొని ఉంది, ముఖం పీక్కుపోయి ఉంది. అన్నను చూసి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"వచ్చిందా?" అని అడిగినాడు పెద్దబావ. సరుకు సంగతి కాదు అడిగింది.

"ఆవడిలో వచ్చింది. దిగలేదు. దాన్నీ పట్నం తీసుకపోయినాను."

పెద్దబావ మూట కుట్టు విప్పి, పిడికెడు బియ్యం తీసి రెండు చేతుల మధ్య నలిపి, వాసన చూసి, ఒక గింజ కొరికినాడు.

"పాత బియ్యమే. బాగా చూసి తెచ్చినావు" అని, ఆ పిడికెడు మళ్ళా మూటలోనే పోసినాడు. "వచ్చేసారి పోయినప్పుడు బావి మోటకు రెండు కట్టలు కొబ్బరి తాడు కావాల. సన్నది వద్దు, లావుది" అన్నాడు.

"సరే అన్నా" అన్నాడు మా ఆయన. నా దిక్కు తిరిగి, "అన్నకు తినేదానికి ఆకు వెయ్యి. పొద్దుటినుంచి ఇక్కడే కూర్చున్నట్టున్నాడు" అన్నాడు.