గొట్టం మూతి మీది ఎర్ర గీత

‘చోక్ చూసుకోకపోవడం నా అజాగ్రత్తే’ అని రాసున్న కాగితం మీద ఎలూతేరియో కిరోగా సంతకం చేశాడు. అజాగ్రత్త ఆయనది కాదు. ఆ సంగతి రాయించినవాడికీ తెలుసు.

మా సాంతా ఫే రాష్ట్రం చిత్తడి నేలల్లోకి బాతుల వేటకు వచ్చే అతిథుల తుపాకులు ఇరవై రెండేళ్లు ఆయన చేతుల మీదుగా నడిచాయి. తుపాకీ గొట్టం మూతిలో బిగించే చిన్న గొట్టాన్నే చోక్ అంటాం. సీసం గుండ్లు మెత్తన, ఇరుకు చోక్‌లోంచి నొక్కుకుని జారిపోతాయి. ఉక్కు గుండ్లు లొంగవు, వాటికి వెడల్పుది కావాలి. ప్రతి తుపాకీనీ పాత సిమెంటు సంచుల కాగితం మీద కాల్చి చూసి, ఏ గుండుకు ఏ చోకో ఆయన తేల్చుకునేవాడు. ఇరుకు చోక్‌ల అంచుకు భార్య గోళ్లరంగుతో ఎర్ర గీత పెట్టేవాడు. ఆ గీత ఉన్నదాంట్లోంచి ఉక్కు పోకూడదు.

సీసం నిషేధించాక, పోయిన జూన్‌లో, ఒక అతిథి ఉక్కు తూటాలతో దిగాడు.

“ఎత్తున పోయేవాటిని కొట్టాలి. గుండ్లు చెదరకూడదు, అన్నిటికంటే ఇరుకుది పెట్టు.”

“వద్దు సార్. ఉక్కుకు వెడల్పుదే చాలు. కావాలంటే కాగితం మీద కాల్చి చూపిస్తా.”

వేట విడిది యజమాని డాన్ ఫాబ్రీసియో నవ్వాడు; డాన్ అంటే మా దగ్గర దొరగారు. “ఏమయ్యా ఎలూ, బాతులకు కాగితాలు చూపిస్తావా? అడిగింది పెట్టు.”

“గొట్టం ఉబ్బుతుంది, డాన్.”

“ముందు నీ పొట్ట సంగతి చూసుకో. పెట్టు!”

పడవ నడిపే నసారియో పక్కనే మాతే ఆకుల కషాయం పీలుస్తూ పకపకా నవ్వాడు. ఎలూతేరియో పెట్టాడు.

పది తూటాలు పేలకముందే గొట్టం మూతి కప్పను మింగిన పాములా ఉబ్బింది. చోక్ ఇరుక్కుపోయింది. మధ్యాహ్నానికి సంతకం కోసం ఆ కాగితం వచ్చింది.

“మీ అమ్మాయి మా వంటింట్లో బాగా చేస్తోందయ్యా” అన్నాడు డాన్, కలం అందిస్తూ. సంతకం పెట్టకపోతే ఆ పని పోతుందని వేరే చెప్పక్కర్లేదు.

మర్నాటి నుంచి ఆయనకు బాతుల ఈకలు పీకే పని. సెప్టెంబర్‌లో అదీ లేదు. ఆ కాగితం నకలు చుట్టుపక్కల విడిదులన్నిటికీ చేరింది. ఇప్పుడాయన్ను ఎవరూ తుపాకీ ముట్టుకోనివ్వరు.

ఈ పత్రిక కోసం రాసే నేను, ఆ రోజు మాటలు విన్నావా అని నసారియోని అడిగాను. “మోటారు చప్పుడక్కా, నాకేం వినబడలేదు” అన్నాడు.

“పడవ కట్టేసే ఉంది కదయ్యా?”

“మీకేం, రాసుకుని వెళ్లిపోతారు.”

అదీ నిజమే. ఎలూతేరియో మాత్రం “వాణ్ణేమీ అనకమ్మా, వాడూ అక్కడే బతకాలి” అన్నాడు.

ఎలూతేరియో పెట్టిన ఫిర్యాదు మీద కార్మిక శాఖ ముందు మొదటి వాయిదాలో, గుర్తులూ గీతలూ తమ దగ్గర ఎన్నడూ లేవన్నాడు డాన్. కానీ ఆ ఉబ్బిన తుపాకీని తన భోజనాల గది గోడకు తగిలించి, ‘మా ఎలూ పనితనం’ అంటూ అతిథులకు చూపించి నవ్విస్తున్నాడు. ఇరుక్కున్న చోక్ అంచు ఇంకా బయటికే ఉంది.

ఆ గదిలో భోంచేసే మీలో ఎవరైనా సరే, ఈసారి నవ్వకండి. లేచి దగ్గరికెళ్లి చూడండి. ఎర్ర గీత కనిపిస్తుంది. ఫోటో తీయండి. వచ్చే మంగళవారం రెండో వాయిదా. ఆలోపు ఈ పత్రికకు పంపండి, నేను పట్టుకెళ్తాను.