నాలుగు పెట్టెల అమ్మ

మా అన్నయ్య కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఎంత మొండికేసిన మిషనైనా అతని చేతిలో పడితే దారికొచ్చేది. రానిది ఒక్కటే, మా ముందుగదిలో గోడకున్న టీవీ.

అమ్మకి చూపులో మధ్యభాగం పోతూ వచ్చింది. ఎదుటి మనిషి ముఖం కావాలంటే తల పక్కకి తిప్పి కంటి కొసతో చూసేది. మిగిలిన చూపు కూడా ఎంతో కాలం నిలవదని డాక్టరు చెప్పాక ఆమె అడిగింది ఒక్కటే. ఎప్పుడో పోయిన నాన్న నడకని పాత వీడియోల్లో మళ్ళీ చూడాలని. అన్నయ్య ఫోనులో పెట్టి చూపిస్తే, "చీమంత ఉన్నార్రా మీ నాన్న" అని పక్కన పడేసింది.

పెద్ద తెర మీద చూపిస్తానన్నాడు. ఎవరో పారేయబోయిన కంప్యూటర్ తెచ్చి, లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, వీడియోలన్నీ అందులోకి ఎక్కించి బీరువా పక్కన పెట్టాడు. టీవీ అడిగినప్పుడల్లా అది వైఫై మీదుగా వాటిని అందించాలి. అందుకే దాన్ని సర్వర్ అనేవాడు. టీవీకి మాత్రం అది కనిపించేది కాదు.

"పిలిస్తే పలకడు, వీడేం సర్వర్రా? హోటల్లో అయితే ఈపాటికి లేచి వచ్చేసేవాళ్ళం," అనేది అమ్మ.

చివరికి కనిపించిన రోజున "ఈ ఫోల్డర్ ఖాళీగా ఉంది" అని చెప్పింది టీవీ. అన్నయ్య దుకాణం నుంచి వచ్చి, గ్రీజు చేతులు కడుక్కుని, అన్నం కూడా తినకుండా కీబోర్డు ముందు కూర్చుని పళ్ళు నూరేవాడు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఫైళ్ళు అన్నయ్య పేరున ఉన్నాయి, టీవీకి అందించే ప్రోగ్రాముకి వాటిని తాకే హక్కు లేదు.

"పర్మిషన్ ఇవ్వాలమ్మా, అంతే."

"నా మొగుణ్ణి చూసుకోడానికి నాకు పర్మిషనేంట్రా?"

ఇచ్చాడు. ఫోల్డర్లు వచ్చాయి, పేర్లు రాలేదు. అన్నయ్య తెలుగులో రాసిన పేర్లు చదవడం ఆ టీవీకి చేతకాక అక్షరాల చోట ఖాళీ పెట్టెలు వరసగా పేర్చింది.

"ఇంగ్లీషులో మార్చెయ్ అన్నయ్యా, పీడా పోతుంది," అన్నాను.

"నాన్నని ఎన్ ఏ ఏ అని రాయమంటావుటే? దాన్నే నేర్చుకోమను." రిమోట్ సోఫా మీదికి విసిరి, మళ్ళీ తనే వెళ్ళి తెచ్చుకున్నాడు.

టీవీకి బాగా దగ్గరగా కుర్చీ వేయించుకున్న అమ్మ తల పక్కకి తిప్పింది. "ఇందాక నాలుగు పెట్టెలది నొక్కితే నేనొచ్చాను. ఆ అయిదు పెట్టెలది నొక్కు."

అన్నయ్య నోరు తెరిచి నన్ను చూశాడు. అమ్మ అంటే మనకి రెండక్షరాలే. యంత్రం వత్తునీ, దాన్ని కలిపే గుర్తునీ కూడా విడదీసి నాలుగు లెక్కేస్తుంది, దీర్ఘం కూడా ఉన్న నాన్నని అయిదు.

అయిదు పెట్టెలు నొక్కాడు. చెప్పు తెగిన కాలు ఈడ్చుకుంటూ, స్కూటరు తోసుకుంటూ వచ్చాడు నాన్న. గేటు దగ్గర బొమ్మ ఆగిపోయింది. అన్నయ్య తిట్టాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఉండనీరా, గేటు దాకా వచ్చారుగా," అంది అమ్మ.

ఆ ఏడాదే అన్నయ్య గుండెపోటుతో పోయాడు. దుకాణంలో, ఒక మిషను విప్పి పెట్టి ఉండగా.

నా ఫోనులో ఉన్న అతని వీడియోలు సర్వర్లోకి నేనే ఎక్కించాను. ఫోల్డరుకి 'అన్నయ్య' అని తెలుగులోనే పేరు పెట్టాను. అమ్మ చూపు అప్పటికి ఇంకా తగ్గింది. తెరకి ముక్కు ఆనించి, వేలు పెట్టి లెక్కపెట్టింది.

"ఏడు. ఇదేనా వాడిది?"

నొక్కాను.

"ఏమంటోందే?"

"ఖాళీగా ఉందంటోంది."

"పర్మిషన్ ఇచ్చి ఉండవు," అంది అమ్మ. "ఎలా ఇవ్వాలో వాణ్ణి అడుగు."

ఆమె తెర మీంచి వేలు తీసేసింది. నేను లేచి వెళ్ళి బీరువా పక్కన, కీబోర్డు ముందు కూర్చున్నాను.